అడిగినదీ అడగనిదీ: లైసోజోమ్‌పై రెండు మైక్రోస్కోపుల సాక్ష్యం

లైసోజోమ్‌ను కనిపెట్టిన మనిషి దాన్ని చూసి కనిపెట్టలేదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ ద దూవ్ 1949లో ఎలుక కాలేయం మీద పనిచేస్తున్నాడు. ఆయన ధ్యాసంతా ఇన్సులిన్ మీద. పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టుకున్న ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మాత్రం లెక్కకు అందలేదు. కణాలను సున్నితంగా నలిపి తీసిన తాజా నమూనాలో, ఉండాల్సిన చురుకులో పదో వంతే కనబడింది. అదే నమూనాను ఐదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ కొలిస్తే చురుకు అమాంతం పెరిగింది. అంటే ఎంజైము ఏదో పొర వెనక దాక్కుని ఉంది. పొర చివికాక బయటపడింది. ఆ పొర సంచికి 1955లో లైసోజోమ్ అని పేరు పెట్టారు. అప్పటికి దాని రూపం ఎవరికీ తెలియదు. సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగానికి అడుక్కి దిగుతుందో చూసి, ఇంత ఉండొచ్చని అంచనా కట్టారంతే.

కేంద్రకాన్నీ మైటోకాండ్రియానూ ముందు చూశారు, అవి చేసే పని తర్వాత తెలిసింది. లైసోజోమ్ విషయంలో వరస తిరగబడింది. ముందు పని తెలిసింది, ఆ పని చేసేదెవరో వెతకాల్సి వచ్చింది. అందుకే ఏ చిత్రమైనా ‘ఇదిగో లైసోజోమ్’ అన్నప్పుడు, ఆ బొమ్మకూ ఎంజైముకూ మధ్య లంకె ఎంత గట్టిదని అడగక తప్పదు. గత డెబ్బై ఏళ్ళలో ఈ పనికి దిగిన రెండు వంశాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు. కొత్తది రాగానే పాతది మూలన పడిందన్న కథ తరచూ వినిపిస్తుంది. రెండింటి పనినీ ఎదురెదురుగా పెట్టి చూస్తే నాకు ఆ కథ నిలబడేదిగా తోచలేదు.

మొదటి జతగా 1956 నాటి పత్రాన్నీ 2006 నాటి పత్రాన్నీ తీసుకుందాం.

అలెక్స్ నోవికాఫ్ అమెరికన్ కణశాస్త్రజ్ఞుడు. కమ్యూనిస్టు సంబంధాల గురించి విచారణలో జవాబు చెప్పనన్నందుకు 1953లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1955లో ఆయన లూవెన్ వెళ్ళి, ద దూవ్ బృందం వేరుచేసి ఉంచిన కాలేయ భాగాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాడు. దట్టమైన, పొర చుట్టుకున్న, ఇంచుమించు గుండ్రటి వస్తువులు కనిపించాయి. మరుసటి ఏడు ద దూవ్, బొఫేలతో కలిసి ప్రచురించిన పత్రం శీర్షికలో ‘లైసోజోములు అధికంగా ఉన్న భాగాలు’ అన్నారు తప్ప ‘లైసోజోములు’ అనలేదు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది, దానికి కారణమూ ఉంది. అదే గొట్టంలో యూరేట్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము కూడా వచ్చి చేరుతోంది. అది లైసోజోముది కాదని, పెరాక్సిజోమ్ అనే వేరే కణాంగానిదని తర్వాత తేలింది. ఆ రెండింటినీ విడదీయడానికి మైక్రోస్కోపు చాలలేదు. ఎలుకలకు ట్రైటాన్ డబ్ల్యుఆర్-1339 అనే డిటర్జెంటు ఎక్కించారు. అది లైసోజోముల్లోనే పోగుపడి వాటిని తేలికచేసింది. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో అవి పైకి తేలి విడిపోయాయి. ఆకారాన్నొక్కదాన్నే నమ్మితే ఎక్కడ పొరబడతామో ఈ ఉదంతం చెబుతుంది.

నోవికాఫ్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే గొమొరి పద్ధతిని పట్టుకున్నాడు. కణజాలానికి ఫాస్ఫేటు ఉన్న పదార్థాన్నీ సీసపు లవణాన్నీ కలిపి ఇస్తారు. ఎంజైము ఎక్కడ ఫాస్ఫేటును విడగొడితే అక్కడే సీసం దాన్ని పట్టుకుని గడ్డకడుతుంది. సీసం ఎలక్ట్రాన్లను అడ్డుకుంటుంది గనక చిత్రంలో ఆ చోటు నల్లగా పడుతుంది. మరోలా చెప్పాలంటే, ఎంజైము తాను పనిచేసిన చోట తానే మరక వేసి వెళ్తుంది. రూపానికీ రసాయనానికీ పడిన మొదటి ముడి అది. ఇప్పటి మెరిసే చిత్రాల పక్కన ఆ నల్లమరక నాసిగానే కనిపిస్తుంది. లంకె గట్టిదనానికి వస్తే చాలా వాటికంటే మెరుగు.

ఇక 2006. ఎరిక్ బెట్జిగ్, హెరాల్డ్ హెస్ ఇద్దరూ ఈ పని మొదలుపెట్టేనాటికి ఏ సంస్థలోనూ లేని నిరుద్యోగులు. కాలిఫోర్నియాలోని లా హోయాలో హెస్ ఇంటి ముందుగదిలో మైక్రోస్కోపు కట్టుకున్నారు. కాంతి మైక్రోస్కోపుకు సుమారు 200 నానోమీటర్ల హద్దు ఉందని 1873లో ఎర్న్స్ట్ ఆబె తేల్చిచెప్పాడు. అంతకంటే దగ్గరున్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. లైసోజోమ్ పరిమాణం 100 నానోమీటర్ల నుంచి 1000 పైచిలుకు దాకా ఉంటుంది. అంటే సరిగ్గా ఆ హద్దుకు అటూ ఇటూ. బెట్జిగ్, హెస్‌లు అణువులన్నిటినీ ఒకేసారి వెలిగించలేదు. విడతకు కొన్నిటిని మాత్రమే వెలిగించి, ఒక్కోదాని కేంద్రం గుర్తించి, ఆర్పి, తర్వాతి విడతకు వెళ్ళారు. ఆ పద్ధతికి పరీక్షగా వాళ్ళు చూపిన మొదటి చిత్రాల్లో లైసోజోమ్ ఉంది, సీడీ63 అనే పొర ప్రొటీను రూపంలో. మామూలు కాంతిలో మసక ముద్దగా ఉన్నది ఈ చిత్రంలో సన్నటి పొరగా విచ్చుకుంది. 2014లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో బెట్జిగ్ ఒకడు.

అయితే ఆ కణాలు ప్రాణంతో లేవు. వాటిని స్థిరీకరించి, గడ్డకట్టించి, పల్చటి ముక్కలుగా కోశారు. ఒక్కో చిత్రానికి గంటలు పట్టింది. ప్రాణంతో ఉన్నదాన్ని చూడగలగడమే కాంతి మైక్రోస్కోపుకు ఉన్న పెద్ద గొప్ప. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్పష్టతను అందుకునే తొలి ప్రయత్నంలో అది తన గొప్పను వదిలి, ఎదుటివాడి కత్తినే అరువు తెచ్చుకుంది. ప్రశంసల హోరులో ఈ సంగతి వినబడదు. ప్రాణంతో ఉన్న కణాన్ని ఆ స్థాయిలో చూడటం తర్వాతి పద్ధతులతో కొంతవరకు వీలైంది. కాంతి చారలను ఒకదానిమీద ఒకటి పడేసి లెక్కగట్టే పద్ధతీ, పల్చటి కాంతి పలకతో కణాన్ని జల్లెడపట్టే పద్ధతీ అలాంటివి. వాటి స్పష్టత మాత్రం 2006 చిత్రమంత పదునుది కాదు. వేగం కావాలంటే పదును వదులుకోవాలి, పదును కావాలంటే ఓపిక పట్టాలి, రెండూ కావాలంటే కణం మాడుతుంది.

రెండో జత జబ్బుకు సంబంధించింది. ఈ వ్యాసం బరువంతా దీనిమీదే ఉంది.

1932లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్నెస్ పాంపె, ఏడు నెలల పసిపాప గుండె విపరీతంగా ఉబ్బి చనిపోయిన ఉదంతాన్ని ప్రచురించాడు. గుండె కండరం నిండా గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకునే చక్కెర నిల్వ. ఎందుకు పేరుకుందో మూడు దశాబ్దాలు ఎవరికీ అంతుపట్టలేదు. గ్లైకోజెన్‌ను విడగొట్టే తెలిసిన ఎంజైములన్నీ ఈ జబ్బున్న పిల్లల్లో సవ్యంగానే ఉండేవి. 1963లో ద దూవ్ సహచరుడు హెర్స్ లైసోజోముల్లో ఉండే ఆమ్ల ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే మరో ఎంజైమును కనుగొని, పాంపె జబ్బులో అదే లోపించిందని చూపాడు. మరుసటి ఏడాది బోదువాన్, హెర్స్, లోబ్ ఈ జబ్బున్న రోగి కణజాలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టారు.

ఆ చిత్రంలో కొత్త వస్తువేదీ లేదు. గ్లైకోజెన్ రేణువులు కొన్ని కణద్రవంలో స్వేచ్ఛగా చెదిరి ఉన్నాయి, అవి ఆరోగ్యవంతుల్లోనూ ఉండేవే. మిగతావి, అచ్చం అలాంటి రేణువులే, ఒక్క పొర చుట్టిన సంచుల్లో కిక్కిరిసి ఉన్నాయి. పదార్థం ఒకటే, చోటు వేరు. జబ్బు అంతా ఆ పొరకు లోపలా బయటా అన్న తేడాలోనే ఉంది. కణంలో బయట ఉన్న ఎంజైములు సవ్యంగా ఉన్నా సంచిలోపలికి వెళ్ళలేవు. లోపల ఉండాల్సిన ఎంజైము లేదు. గ్లైకోజెన్‌కు రంగువేసి మామూలు కాంతి మైక్రోస్కోపులో చూస్తే చక్కెర పేరుకుందని మాత్రం తెలుస్తుంది. ఏడెనిమిది నానోమీటర్ల మందం ఉన్న పొరకు ఇవతలుందా అవతలుందా అన్నది కనబడదు. పైగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పొరను, రేణువును, పక్కనున్న మైటోకాండ్రియాను, అడగని మరెన్నో వాటినీ ఒకే చట్రంలో చూపించింది. ఇది శవపంచనామా లాంటిది: మనిషి పోయాకే రాస్తారు, కానీ గదిలో ఉన్నదల్లా రాస్తారు. హెర్స్ రసాయనం మీద ఎవరికైనా శంక ఉంటే ఆ చిత్రం తీర్చింది. ఎంజైము లోపంతో లైసోజోముల్లో సరుకు పేరుకుపోయే జబ్బులు అనే ఒక కుటుంబమే వైద్యశాస్త్రంలో ఏర్పడింది.

ఇప్పుడు ఇంకో 2006 చూద్దాం. ఆ ఏడు పాంపె జబ్బుకు బయట తయారుచేసిన ఎంజైమును రక్తంలోకి ఎక్కించే చికిత్సకు అమెరికాలో, ఐరోపాలో అనుమతి వచ్చింది. పసిపిల్లల గుండెలు బాగుపడ్డాయి, బతకరనుకున్నవాళ్ళు బతికారు. కాళ్ళూ చేతుల కండరాలు మాత్రం చాలామందిలో ఆశించినంతగా స్పందించలేదు. ఎందుకు? ఎంజైము చేరడం లేదా, చేరినా పనిచేయడం లేదా? 1964 చిత్రం ఇచ్చే జవాబు ఒకటే: సంచి నిండింది, ఎంజైము వస్తే ఖాళీ అవుతుంది. ఆ జవాబు సరిపోలేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో నీనా రాబెన్ బృందం ఈ జబ్బున్న ఎలుకల నుంచి ఒక్కొక్క కండర తంతువును విడిగా పీకి తీసింది. లైసోజోమ్ పొర ప్రొటీనుకు ఒక రంగు, ఆటోఫజీ గుర్తుకు మరో రంగు వేసి, ముక్కలు కోయకుండా నిలువునా కాన్ఫోకల్ మైక్రోస్కోపులో చూసింది. ఆటోఫజీ అంటే కణం తన సొంత పాత సరుకును తానే సంచిలో చుట్టి లైసోజోమ్‌కు అప్పగించి అరిగించుకునే ప్రక్రియ. ఆ పేరు కూడా 1963లో ద దూవ్ పెట్టిందే. వేగంగా ముడుచుకునే రకం తంతువుల్లో ఉబ్బిన లైసోజోములు ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు తంతువు నడిమధ్యన, పొడవునా సాగిన ఒక పెద్ద చెత్తబాట కనిపించింది. సగం చుట్టిన సంచులు, అరగని సరుకు, పగిలిన లైసోజోములు అన్నీ కలగాపులగం. ఆ మేర కండరపు చారల అమరికే లేదు. అంతకంటే ముఖ్యం, ఎక్కించిన ఎంజైము ఎక్కడికి పోతోందని వెంబడిస్తే, చాలా భాగం ఆ చెత్తబాటలోకే వెళ్ళి చిక్కుకుంటోంది. మందు దారితప్పుతోంది.

ఆటోఫజీ సంచులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో పడకపోలేదు, పడ్డాయి. కానీ ఆ మైక్రోస్కోపుకు ఇచ్చే ముక్క మందం 70 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కండర తంతువు పొడవు సెంటీమీటర్లలో ఉండొచ్చు. ముక్కలో పడిన నాలుగు సంచులు నాలుగు సంచులుగానే కనిపిస్తాయి. అవి తంతువు పొడవునా సాగిన ఒకే గడ్డలో భాగమని ఆ ముక్క చెప్పదు. అంటే ఇక్కడ గెలిచింది స్పష్టత తక్కువున్న మైక్రోస్కోపు. కాన్ఫోకల్ పదును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పోలిస్తే దాదాపు వంద రెట్లు తక్కువ, అయినా మందు ఎందుకు సగమే పనిచేస్తోందన్న ప్రశ్నకు జవాబు దాని దగ్గరే దొరికింది. ‘నానో’ అన్న మాట తగిలిస్తే చాలు లోతు పెరిగినట్టేనని నమ్మే ఇప్పటి ఉత్సాహానికి ఇది మందు.

రాబెన్ బృందం తన పరిశీలనలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును కూడా వాడింది. వాళ్ళు ఒక పక్షం, పాతతరం ఇంకో పక్షం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను చూస్తున్నది ఏ ప్రశ్నకు ఏ చూపు నోరు విప్పిందన్నది. జబ్బు అంటే ఏమిటన్న ప్రశ్నకు 1964 చిత్రం నోరు విప్పింది. చికిత్స ఎందుకు కుంటుతోందన్న ప్రశ్నకు రాబెన్ బృందపు చిత్రం నోరు విప్పింది. మొదటిది లేకుండా రెండోదానికి అర్థం లేదు, కానీ మొదటిదాన్ని ఎంత పెద్దది చేసి చూసినా రెండోది అందులోంచి రాదు.

మన తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాల్లో లైసోజోములను ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అని చెప్పి, గుండ్రటి బొమ్మ ఒకటి వేస్తారు. ఆ గుండ్రదనం కొంతవరకు స్థిరీకరణ మందుల చలవ. 1987లో స్వాన్సన్ బృందం ప్రాణంతో ఉన్న మాక్రోఫేజ్ కణాలకు మెరిసే రంగు తాగించి చూసినప్పుడు లైసోజోములు పొడవాటి గొట్టాలుగా, కొమ్మలుగా చాచుకుని కనిపించాయి. స్థిరీకరణకు వాడే ఆల్డిహైడ్ మందు తగిలితే అలాంటి గొట్టాలు తెగి చుక్కలైపోతాయి. 2010లో మరో బృందం, ఆటోఫజీ ముగిశాక పాత సంచి నుంచి గొట్టాలు మొలిచి, వాటి కొసలు తెగి, కొత్త లైసోజోములు పుట్టడాన్ని ప్రాణంతో ఉన్న కణాల్లో పట్టుకుంది. కాల్చి చంపాక తీసిన ఫొటోలో పరుగు కనిపించనట్టే ఈ పుట్టుక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు అందదని అనుకునేవాళ్ళం. ఇప్పుడు మెరుపు వేగంతో గడ్డకట్టించే పద్ధతులు వచ్చాక గొట్టాలు అక్కడా నిలుస్తున్నాయి. ఆరోగ్యవంతమైన లైసోజోమ్ గురించి తెలిసిన మంచి సంగతుల్లో చాలాభాగం కాంతి వైపు నుంచే వచ్చాయి, అందులో నాకు సందేహం లేదు.

మూడో జత ఒకే ప్రయోగశాలది, అందుకే పోలిక రుచిగా ఉంటుంది. న్యూయార్క్‌లో రాల్ఫ్ నిక్సన్ బృందం 2005లో అల్జైమర్స్ రోగుల మెదడు ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. ఉబ్బి వంకరపోయిన నాడీతంతువుల నిండా సగం అరిగిన ఆటోఫజీ సంచులు కిక్కిరిసి ఉన్నాయి. చిత్రం బలమైనది, దాన్ని చదవడంలోనే చిక్కు. సంచులు ఎక్కువగా ఉన్నాయంటే చెత్త చుట్టే పని పెరిగిందా, అరిగించే పని ఆగిందా? ఆగిన చిత్రంలో ఈ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చెరువు నిండిందని కనిపిస్తే వరద వచ్చిందో తూము మూసుకుందో అందులో తెలియదు.

2022లో అదే బృందం ఇంకో సాధనంతో వచ్చింది. ఆటోఫజీ గుర్తుకు ఒక ఎరుపు ప్రొటీను, ఒక ఆకుపచ్చ ప్రొటీను జంటగా తగిలించిన ఎలుకలను వాడారు. ఆమ్లంలో ఆకుపచ్చ ఆరిపోతుంది, ఎరుపు నిలుస్తుంది. సంచి లైసోజోమ్‌తో కలిసి సవ్యంగా పులిస్తే ఎరుపే మిగలాలి. అల్జైమర్స్ తరహా జన్యుమార్పులున్న ఐదు రకాల ఎలుకల్లో, అమిలాయిడ్ అనే ప్రొటీను ఫలకాలు కణాల బయట కనిపించడానికి ముందే, నాడీకణాల్లో ఆకుపచ్చ ఆరకుండా నిలిచింది. అంటే సంచులు పులవడం లేదు. ఆగింది తూము దగ్గరే. అలాంటి సంచులు కేంద్రకం చుట్టూ ఉబ్బి రేకుల్లా పొంగాయి. ఆ రూపానికి విషపు పువ్వు అర్థం వచ్చేలా ‘పాంథోస్’ అని పేరు పెట్టారు. ఫలకం బయట మొదలై కణాన్ని చంపుతుందన్న పాత కథను తిప్పి, కణం లోపల చచ్చిన చోటే ఫలకం మిగులుతుందని వాళ్ళ వాదన.

2005 చిత్రం అడగలేని ప్రశ్నను 2022 చిత్రం అడిగింది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ పువ్వు అనగానే నాకు కొంచెం జంకు. అందమైన పేరు, అందమైన రంగులు వాదానికి లేని బలాన్ని అరువిస్తాయి. ఆ చిత్రాల్లోని రంగులు కంప్యూటరు వేసినవి. ఎలక్ట్రాన్ చిత్రపు బూడిదరంగు కనీసం ఆ నటన చేయదు. జంట ప్రొటీనును కణంలోకి బయటినుంచి పెట్టారు, దాని మోతాదు కూడా చిత్రంలో కలుస్తుంది. ఎలుకలో కనిపించిన వరసే మనిషిలోనూ కారణకార్యాలుగా నడుస్తుందని రూఢి కావాలంటే ఇంకా పని ఉంది. విశేషమేమంటే, రేకుల లోపల ఉన్నది అమిలాయిడ్ పోగులేనని చూపడానికి ఆ బృందం మళ్ళీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికే వెళ్ళింది. ఫ్లోరోసెన్స్ మనం రంగు తగిలించిన వాటినే చూపుతుంది. పక్కన ఇంకేముందో చెప్పదు. చీకటిగా ఉన్న చోట ఏమీ లేదనుకోవడం ఆ చిత్రాలను చదివేవాళ్ళు చేసే అతి పెద్ద పొరపాటు.

ఈ పొరపాటుకు రోజువారీ ఉదాహరణ లైసోట్రాకర్ అనే రంగు. ప్రపంచంలో ఏ కణ ప్రయోగశాలలోనైనా ఉంటుంది. అది బలహీన క్షారం; ఆమ్లం ఉన్న చోటికి వెళ్ళి చిక్కుకుని మెరుస్తుంది. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య ఉంటుంది గనక అక్కడ మెరుస్తుంది. మెరుపు తగ్గితే? లైసోజోములు తగ్గాయా, ఉండి కూడా ఆమ్లం కోల్పోయాయా? ఆ రంగు ఒక్కటే చెప్పలేదు. పైగా ఎక్కువసేపు ఉంచితే తానే ఆమ్లాన్ని తగ్గించేస్తుంది. దీనికంటే పాత పద్ధతే నయం: 1978లో ఒకుమా, పూల్ ఇద్దరూ పీహెచ్‌ను బట్టి మెరుపు మారే రంగును చక్కెర గొలుసుకు కట్టి మాక్రోఫేజ్‌లకు తాగించి, లోపలి పీహెచ్‌ను 4.7, 4.8 అని అంకెల్లో రాబట్టారు. అది బొమ్మ కాదు, కొలత.

ఆ దారిలో చాలా ముందుకు వెళ్ళింది కేరళలో పుట్టిన యమునా కృష్ణన్. బెంగళూరులోనూ తర్వాత షికాగోలోనూ ఆమె బృందం డీఎన్ఏతోనే చిన్న కొలత పరికరాలు కట్టి లైసోజోముల్లోకి పంపింది. 2019లో అలాంటి పరికరంతో ఒక్కొక్క లైసోజోమ్‌లో పీహెచ్‌నూ క్లోరైడ్‌నూ ఒకేసారి కొలిచారు. మామూలు మనుషుల చర్మకణాల్లో రెండు తెగల లైసోజోములు బయటపడ్డాయి. నీమన్-పిక్ అనే లైసోజోమ్ జబ్బు ఉన్నవాళ్ళ కణాల్లో వాటిలో ఒక తెగ కనబడలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఈ రెండు తెగలూ ఒకటే నలుపు. ఇక్కడ దానికి పోటీలో చోటే లేదు.

ఇక మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ఉత్కృష్ట కేంద్రంగా ఉన్నాయి. గౌషె, పాంపె, ఫాబ్రీ వంటి లైసోజోమ్ జబ్బుల పిల్లలు తెలుగు జిల్లాల నుంచి ఇలాంటి చోటికే చేరతారు. అక్కడ నిర్ధారణకు ఆధారం తెల్లరక్తకణాల్లోనో ఎండిన రక్తపు చుక్కలోనో చేసే ఎంజైము పరీక్ష, ఆపైన జన్యుపరీక్ష. ఎముక మూలుగ నమూనాలో నలిపిన పల్చటి కాగితంలా కనిపించే గౌషె కణం, మూత్రపిండపు ముక్కలో చారలు చారలుగా ఉండే ఫాబ్రీ వస్తువు రోగవైద్యుడి అనుమానాన్ని లేపుతాయి. తీర్పు చెప్పేది ఎంజైమే. ద దూవ్ ఫ్రిజ్ దగ్గర మొదలైన ఆ అధికారం మారలేదు. అరుదైన జబ్బుల 2021 జాతీయ విధానం కింద ఒక రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందొచ్చు. ఎంజైము చికిత్స ఏళ్ళ తరబడి సాగాల్సింది గనక, మందు కండరంలో ఎంత పనిచేస్తోందో తెలుసుకోవడం ఆ డబ్బు లెక్కలోకి కూడా వస్తుంది. అక్కడ మళ్ళీ మైక్రోస్కోపు అవసరం పడుతుంది.

చివరి ఉదాహరణలో రెండు చూపులూ ఒకే పత్రంలో కలిశాయి. 2018లో వాంగ్, క్రైంక్ బృందం లైసోజోములు, మైటోకాండ్రియా ఒకదాన్నొకటి ఆనుకోవడం, అక్కడే మైటోకాండ్రియా రెండుగా తెగడం చూపింది. ఆనుకున్నాయంటే ఎంత దగ్గర? సుమారు 10 నానోమీటర్లు. ఈ అంకె ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుది. కాంతికి ఆ దూరం అందదు. ఎంతసేపు ఆనుకున్నాయి, విడిపోయాక తెగాయా, ఆనుకుని ఉండగానే తెగాయా? ఈ జవాబులు ప్రాణంతో ఉన్న కణాల వీడియోలవి. దూరం కొలిచిన కణం వేరు, సమయం కొలిచిన కణం వేరు.

అదే కణంలో రెండూ కొలవాలన్నది ఇప్పుడు చాలా ప్రయోగశాలల పట్టుదల. ముందు కాంతిలో వీడియో తీసి, వెంటనే గడ్డకట్టించి, అదే చోటును వెతికి, అయాన్ కిరణంతో పల్చగా చెక్కి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఇస్తారు. వినడానికి సులువు. ఆరోగ్యవంతమైన లైసోజోమ్ సూక్ష్మనాళికల మీద సెకనుకు ఒక మైక్రోమీటరు దాకా పరుగెత్తగలదు. వీడియో చివరి చట్రానికీ గడ్డకట్టడానికీ మధ్య కొన్ని సెకన్లు గడిచినా, తెర మీద గుర్తుపెట్టుకున్న లైసోజోమ్ అక్కడ ఉండదు. పాంపె జబ్బు కణాల్లో ఉబ్బిన లైసోజోములు కిక్కిరిసి, కదలిక మందగించి ఉంటాయి. వాటిని రెండు మైక్రోస్కోపుల్లోనూ ఒకటేనని గుర్తుపట్టడం కొంత తేలిక. కాబట్టి ఈ జంట పద్ధతి మొదట పండేది జబ్బు కణాల్లోనే. ఆరోగ్యవంతమైన లైసోజోమ్‌ను ఇంకా కొన్నాళ్ళు రెండు వేర్వేరు కణాల సాక్ష్యం కలిపి చదువుకోవాల్సిందే.